ఆకులు చేయని తప్పు

మా చెరువు చుట్టూ ఉన్న సైకిలు బాట తొమ్మిది కిలోమీటర్లు. తీరిగ్గా తొక్కేవాళ్లు కూడా ముప్పావు గంటలో చుట్టి వచ్చేస్తారు. అద్దె సైకిళ్ల షెడ్డు నిదానానికి రెండు గంటలు పట్టేది. అందుకే ఆ పేరు వచ్చింది. అసలు పేరు చెరువు ఆఫీసు కాగితాల్లో తప్ప ఎక్కడా కనపడదు.

వానలు వెనకబట్టి ఆకాశం తేటపడి, చెట్లు పసుపెక్కడం మొదలైన దగ్గర్నుంచి కొమ్మలు బోసిపోయేదాకా, ప్రతి ఆదివారం పొద్దున అతను అద్దె సైకిళ్ల షెడ్డుకు గొళ్లెం పెట్టి ఒక్కడే బాట పట్టేవాడు. ఏడాది మొత్తంలో సైకిళ్లకు గిరాకీ ఉండే కాలం అదే. ఎండ నెత్తికెక్కదు, చలి ఎముకల్లోకి దిగదు, చక్రాల కింద ఆకులు గలగలమంటుంటాయి. జంటలు, పిల్లల తల్లులు, రిటైరైన పెద్దవాళ్లు వరస కట్టి నిలబడే వేళకు కొట్టు మూసి షికారు పోయేవాణ్ని చూసి ఎవరు నవ్వకుండా ఉంటారు? "దొరగారు గాలి పీల్చడానికి వెళ్లారు, కూర్చోండి" అని గొళ్లేనికి బదులు నేను జవాబు చెప్పేవాణ్ని.

నాది పక్క షెడ్డు. అద్దె పడవలకు పలకలు మార్చడం, నెర్రెలు పూడ్చడం నా పని. రెండు షెడ్లకూ మధ్య ఒక్క రేకు గోడ. ఆ గోడకు అటు అతను, ఇటు నేను ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాం. ఎవరు దగ్గారో కాదు, ఎందుకు దగ్గారో తెలిసేంత దగ్గర. అయినా ఆ ఆదివారాల సంగతి మాత్రం పోయిన ఏడు దాకా నాకు తెలియలేదు.

ముందు అతని పని గురించి చెప్పాలి. అతనికి ఎవరూ నేర్పలేదు. పదహారో ఏట ఒక పాత సైకిలు సంపాదించి, ఇంటి వెనక గోనెపట్టా పరిచి, ఆఖరి బేరింగు గుండు దాకా విప్పి మళ్లీ బిగించాడట. మూడు గుండ్లు మిగిలాయట. మళ్లీ విప్పాడట. "మిగిలినవాటిని జేబులో వేసుకునేవాడు మెకానిక్కు కాడు" అనేవాడు. చక్రం బెండు తీసేటప్పుడు బొటనవేలి గోరు రిమ్ముకు ఆనించి కళ్లు మూసుకుని తిప్పేవాడు. గోరు ఎక్కడ తగిలితే అక్కడ స్పోకు బిగించేవాడు. అతను సరిచేసిన చక్రం తిరుగుతుంటే, అది తిరుగుతోందో ఆగి ఉందో తెలియడానికి దాని మీదికి ఊదాల్సి వచ్చేది.

సైకిలును తిరగేసి, సీటు మీదా హ్యాండిలు మీదా నిలబెట్టి పనిచేసేవాడు. ముందు చక్రం ఎప్పుడూ తన ఎడమ చేతివైపే. నలభై రెండు సైకిళ్లలో ఏది వచ్చినా అంతే. ఒకసారి సరదాకి అడిగాను, "కుడివైపు పెడితే ఏమవుతుందోయ్, చక్రం అలుగుతుందా?" అని. పని ఆపి నా వంక చూశాడు.

"పడవా, నీ పని చూసుకో" అన్నాడు. నన్ను అలాగే పిలుస్తాడు.

ఇంకొకటి. బాట మీద ఎవరి సైకిలైనా రిమ్ముకు ఇనుము రాసుకుని గీరుమంటే, తింటున్నవాడు కూడా లేచి పరిగెత్తేవాడు. "ఆగండి, ఆగండి" అంటూ, ముక్కూమొహం తెలియని మనిషిని ఆపి, బ్రేకు సరిచేసి పంపేవాడు. ఒక్కోసారి అసలు చప్పుడే ఉండేది కాదు. బాట ఖాళీగా ఉండేది, నీళ్లు కదిలేవి కావు. రేకుకు అటు సుత్తి చప్పుడు ఆగిపోయేది.

"విన్నావా?"

"ఏమిటి?"

"ఏం లేదు."

ఇలా ఏడాదికి పదిసార్లయినా జరిగేది. మొదట్లో నేను కూడా చెవి రిక్కించేవాణ్ని. తర్వాత మానేశాను. మరీ పొద్దుగూకే వేళ అయితే, మానేయడం అంత సులువుగా ఉండేది కాదు.

అతనికి ఒక అక్క. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే మనిషి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కత్తెర పట్టి పట్టి కాయ కాసి ఉంటుంది. ఆమె భర్తదే ఈ సైకిళ్ల షెడ్డు. బావమరిదిని తెచ్చి పనిలో పెట్టుకున్నది ఆయనే.

చెరువుకు పడమటి కొసన బాట కట్ట దిగి అలుగు దగ్గరికి వాలుగా వెళుతుంది. నూట ముప్పై అడుగుల వాలు. కింద రాళ్ల దగ్గర ఒక్కసారిగా కుడికి మలుపు. వాలుకు రెండు పక్కలా ఇరవై మూడు చెట్లు. ఆకురాలే కాలంలో అక్కడ నేల కనిపించదు. ఇప్పటికి ఇరవయ్యేళ్ల కింద ఆమె భర్త ఆ వాలు దిగుతూ, మలుపు తిరగలేక, రాళ్ల మీదుగా చెరువులోకి పడ్డాడు. తలకు రాయి తగిలి పోయాడు. పడవ వేసుకుని వెళ్లి మనిషిని తీసింది నేనే, సైకిలు తీసిందీ నేనే. ముందురోజు వాన పడింది. తడి ఆకుల మీద జారాడన్నారు. ఆ మాట ముందు ఎవరన్నారో ఇప్పుడెవరికీ గుర్తులేదు. నేనే అన్నానేమో.

ఆ మరుసటి ఏడు నుంచి ఆమె చీపురు పట్టింది. ఆకులు రాలే కాలమంతా రోజూ తెల్లవారగానే వాలు పైనుంచి కింద దాకా ఊడ్చేది. ఊడ్చి ఇంటికెళ్లి మిషను ముందు కూర్చునేది.

"పొద్దున ఊడిస్తే సాయంత్రానికి మళ్లీ రాలతాయి కదక్కా" అన్నాను ఒకసారి.

"ఈలోపు దిగేవాళ్లు దిగుతారు కదా" అంది.

ఊడుస్తూ ఆకుల్ని తిట్టేది. పగవాళ్లను తిట్టినట్టు, పేరుపేరునా తిట్టినట్టు. "రాలండి, ఇంకా రాలండి, మీ కడుపు ఇంకా నిండలేదు" అనేది. మంచులో ఆ గొంతు నీళ్ల మీదుగా మా షెడ్ల దాకా వచ్చేది. కొత్తగా వచ్చినవాళ్లు ఎవరితో మాట్లాడుతోందా అని అటూ ఇటూ చూసేవాళ్లు.

ఆదివారం నిదానం అక్కడికి చేరేసరికి ఆమె ఊడుస్తూ ఉండేది. అతను సైకిలు దిగి, నడిపించుకుంటూ, నేలను చూసుకుంటూ కిందికి వెళ్లేవాడు. ఆమె చీపురు పక్కకు తీసి దారి ఇచ్చేది. "జాగ్రత్తరా తమ్ముడూ" అనేది. పద్దెనిమిదేళ్లు వాళ్లిద్దరి మధ్యా అక్కడ ఆ ఒక్క మాటే.

పోయిన ఏడు, చెట్లు పసుపెక్కే ముందు, చెరువు ఆఫీసు గుమాస్తా కాగితాలు పట్టుకుని వచ్చాడు. మంచివాడే కానీ నోటికి గేటు లేదు.

"మీ అక్కగారు గెలిచారండీ" అన్నాడు రేకుకు అటుపక్క. "వాలు మీద చెట్లు కొట్టెయ్యమని పదిహేడు అర్జీలు! మా బీరువాలో సగం ఆవిడే. కొత్త ఆఫీసరు చదివి, 'ఒక మనిషి ఇన్నేళ్లు మొత్తుకుంటుంటే మీరు గుడ్లు పెడుతున్నారా' అని మమ్మల్ని దులిపేశాడు. వాలు మీద చెట్లన్నీ కొట్టేస్తున్నారు. వచ్చే సోమవారం రంపాలొస్తాయి."

"ఇరవై మూడూనా?"

"ఒక్కటి వదిలినా దాని ఆకు మీద ఇంకెవడో జారతాడు, మళ్లీ అర్జీ. ఇక్కడో సంతకం పెట్టండి. రోజూ బాట మీద ఉండేవారు, సైకిళ్ల గురించి తెలిసినవారు, పైగా పోయినాయనకు సొంత బావమరిది. 'ఆకుల వల్లే ప్రమాదం జరిగింది, ఇది నాకు స్వయంగా తెలుసు' అని రాసి ఉంది. మీరు సంతకం పెడితే పనైపోయినట్టే."

పానా కింద పెట్టిన చప్పుడు వినపడింది.

"చేతులకు గ్రీజుంది" అన్నాడు నిదానం.

"మా ఫైళ్లకు అంటని మరకేదండీ? కానివ్వండి."

"శనివారం రండి."

"ఒక్క సంతకానికి నాలుగు రోజులా? ఊరికే అన్నారా మిమ్మల్ని నిదానమని!" గుమాస్తా నవ్వుకుంటూ పోయాడు.

కాసేపటికి అతను గోడ తిరిగి నా షెడ్డులోకి వచ్చి బోర్లించిన పడవ మీద కూర్చున్నాడు. ఇరవై ఏళ్లలో అతను ఇటు వచ్చి కూర్చోవడం చాలా తక్కువ.

"పడవా, ఆ రోజు సైకిలు తీసింది నువ్వే కదా. ముందు బ్రేకు చూశావా?"

"ఇనుము చూశాను. నీళ్లు కారుతోంది. ఇంకేం చూస్తాను?"

"రబ్బర్లు లేవు."

"రాళ్ల మీద పడింది. ఊడిపోయుంటాయి."

"అవి పడితే ఊడవు" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. చెప్పింది చెప్పినట్టు ఇక్కడ రాస్తున్నాను. రాయమన్నది కూడా అతనే. "మెకానిక్కులు ఎవరైనా చదివితే ఉపయోగపడుతుంది, నగిషీలు చెక్కకు" అన్నాడు.

సైకిలు ముందు చక్రానికి రెండు పక్కలా వేలెడేసి బ్రేకు రబ్బర్లుంటాయి. ఒక్కో రబ్బరును పట్టుకునేది ఒక ఇనప గూడు. ఆ గూటికి ఒక కొస మూసి ఉంటుంది, ఇంకో కొస తెరిచి ఉంటుంది. మూసిన కొస ఎప్పుడూ బండి వెళ్లే వైపుకే ఉండాలి. బ్రేకు నొక్కినప్పుడు తిరిగే రిమ్ము రబ్బరును ముందుకు లాగుతుంది, మూసిన కొస దాన్ని ఆపుతుంది. గూడు తిరగబడితే ఆపేదేమీ ఉండదు. మెల్లగా పోతున్నంతసేపూ ఏమీ తెలియదు. వాలులో, మనిషి బరువు మీద, గట్టిగా నొక్కితే రబ్బరు గూట్లోంచి దూకేస్తుంది. ఆ తర్వాత ఇనుముకు ఇనుము.

ఆ రోజుల్లో అతను నిదానం కాదు. ముప్పై రెండేళ్లవాడు, చేతులు కంటికి కనపడేవి కావు. అలా ఉండేవాడని నాకు కూడా అతను చెబుతుంటేనే గుర్తొచ్చింది. ఆ రోజు కూడా ఇలాంటి ఆదివారమే, షెడ్డు ముందు జనం. అవతలి గట్టున ఎవరో ఆవిడ చైను తెగి పిల్లతో నిలబడిపోయిందని కబురొచ్చింది. బావ తన సైకిలే తెచ్చి, తనే తిరగేసి నిలబెట్టాడు. వెనక బ్రేకు తీగ అప్పటికే తెగి ఉంది.

"వెనకది రేపు చూద్దాం. ముందువి అరిగాయి, గూళ్లతో సహా కొత్తవి వెయ్యి" అన్నాడు.

"ఒక్క నిమిషం బావా."

"చక్రానికి జడ వేస్తున్నావా ఏంట్రా? ఆవిడ పిల్ల అక్కడ ఏడుస్తోందట, కానీ!"

బావ నిలబెట్టిన సైకిలుకు ముందు చక్రం కుడివైపు ఉంది. చేతులకు ఆ సంగతి తెలియదు. వేలసార్లు చేసిన పని కదా, కంటిని అడగకుండానే చేసేశాయి. మూసిన కొసలను ఎడమవైపుకే పెట్టి బిగించాయి. చక్రం ఒకసారి తిప్పి నొక్కాడు. ఆగింది. చేత్తో తిప్పిన చక్రం ఎటు బిగించినా ఆగుతుంది. బావ బెల్లు కొట్టుకుంటూ వెళ్లిపోయాడు.

"సాయంత్రం నువ్వు సైకిలు తెచ్చి షెడ్డులో పడేశావు. మనుషులంతా అక్క దగ్గర ఉన్నారు. నేను తాళాలకని వచ్చాను. చూశాను" అన్నాడు. "రెండు గూళ్లూ ఖాళీ. రెండూ వెనక్కు తిరిగి ఉన్నాయి. అక్కడే కూర్చుని విప్పాను, తిప్పి బిగించాను, కొత్త రబ్బర్లు వేశాను. ఎందుకు చేశానంటే చెప్పలేను. తప్పు కనపడితే చేతులు ఊరుకోవు. తర్వాత చూస్తే, చూపించడానికి ఏమీ మిగల్లేదు."

"అయితే ఆ ఆదివారాలు?" అన్నాను.

"రబ్బర్లు వెతుకుతున్నాను. వాలు పైన దొరికితే మొదటి నొక్కుకే ఊడినట్టు. కింద దొరికితే ఆఖరున ఊడినట్టు. బ్రేకు లేదని బావకు నూట ముప్పై అడుగులూ తెలిసిందా, ఆఖరి పది అడుగులేనా, అదొక్కటీ తెలిస్తే చాలనుకున్నాను."

"ఇన్నేళ్ల తర్వాత ఏం దొరుకుతాయి?"

"మొదటి ఏడు దొరికేవేమో" అన్నాడు. "అక్క ఊడ్చేసింది."

నేను ఆ రోజు ఇచ్చిన సలహా మంచిది కాదు. అయినా రాస్తాను. "సంతకం పెట్టెయ్" అన్నాను. "పెద్దావిడ ఇన్నేళ్లు అడిగింది దక్కనీ. చెట్లదేముంది, మళ్లీ మొక్కలు పెడతారు."

"తప్పు చేశానని తెలియక బండి పంపాను. ఇది తెలిసి పంపమంటావా?" అని లేచి వెళ్లిపోయాడు.

శనివారం గుమాస్తా రాకముందే అతను అక్కను షెడ్డుకు పిలిచాడు. "నువ్వు గోడకు అటే ఉండు" అని నాతో అన్నాడు. ఉండమనడమో, రావద్దనడమో నాకు అర్థం కాలేదు. ఉలి చేతిలో పట్టుకుని ఉన్నచోటే ఉన్నాను.

అతను చుట్టూ తిప్పలేదు. ఏ పని ఎలా చేశాడో ఆ వరసలోనే చెప్పాడు, నాతో చెప్పినట్టే. ఆమె మధ్యలో ఆపలేదు.

"చూపించు" అంది చివరికి.

సైకిలు తిరగేసిన చప్పుడు. పానా చప్పుడు. అతను గూళ్లు వెనక్కు తిప్పి బిగించాడు, మళ్లీ బండిని చక్రాల మీద నిలబెట్టాడు. "హ్యాండిలు మీద బరువు వెయ్యక్కా. ఇలా నొక్కి పట్టుకో. నేను వెనక నుంచి తోస్తాను."

మొదటిసారి ఏమీ కాలేదు. రెండోసారీ కాలేదు. మూడోసారి ఏదో చిన్నది సిమెంటు నేల మీద పడి దొర్లింది. వెంటనే గీరుమని ఆ చప్పుడు. ఈసారి నాకూ వినపడింది.

"చొక్కా చెయ్యి తిరగేసి కుట్టినట్టా?" అంది ఆమె.

"అవునక్కా. కుడి చెయ్యి ఎడమకు కుట్టినట్టు."

"నేనూ కుట్టాను అలా. బట్ట ఎవరో తిరగేసి పెడితే, చూసుకోకుండా. నాలుగైదుసార్లు కుట్టుంటాను. నాది విప్పి కుడితే సరిపోయింది."



"పద్దెనిమిదేళ్లు" అంది. గొంతు పెంచలేదు. "నాచేత ఆకుల్ని తిట్టించావు. నువ్వు పక్కనుంచే నడుచుకుంటూ పోయావు. నేను జాగ్రత్త అంటే తలూపి పోయావు. రేపు చెట్లను కూడా చంపించేవాడివా?"

"అందుకే చెప్పానక్కా."

"చెట్ల కోసం చెప్పావు. నా కోసం చెప్పలేదు."

ఆమె బయటికి వచ్చేసరికి గుమాస్తా ఎదురొచ్చాడు. నేను కూడా బయటికి వచ్చాను.

"రండమ్మా, మీ తమ్ముడి సంతకం ఒక్కటీ అయితే..."

"చెట్లు కొట్టకండి" అంది ఆమె.

"అదేమిటి? నిన్నటిదాకా మీరే కదమ్మా..."

"నిన్న నాకు తెలీదు."

"ఏం తెలీదు?"

"మీ ఫారంలో పట్టదు. కాగితమివ్వండి, వద్దని రాసిస్తాను." గుమాస్తా వీపునే బల్లగా చేసి, అర్జీ వెనక్కు తీసుకుంటున్నట్టు నాలుగు ముక్కలు రాసి, సంతకం పెట్టి ఇచ్చింది. "ఈ చెరువు మనుషుల్ని అర్థం చేసుకోవాలంటే చేప పుట్టుక పుట్టాలి" అని గొణుక్కుంటూ అతను వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఆమె ఇటు రాలేదు. ఆ ఏడు ఆకులు రాలడం మొదలైంది. వాలు ఎవరూ ఊడవలేదు. అలవాటైన గొంతు నీళ్ల మీదుగా రాకపోయేసరికి పొద్దున్నపూట నాకే ఏదో వెలితిగా ఉండేది. మడమల దాకా ఆకులు పేరుకున్నాయి. జనం వాటి మీదే సైకిళ్లు తొక్కుకుంటూ నవ్వుకుంటూ దిగిపోయేవాళ్లు. ఒక్కరూ జారలేదు. నిదానం ఆదివారాలు బాట మీదికి వెళ్లడం మానేశాడు. పని చేసుకునేవాడు. ఒక్కో సైకిలు మూడుసార్లు విప్పేవాడు. మనిషి చిక్కిపోయాడు. "అక్క ఇంటికి ఓసారి వెళ్లరాదూ" అంటే, "ఏ మొహంతో?" అనేవాడు.

నెల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమే వచ్చింది. షెడ్డు ముందు నిలబడి, "నీ సైకిలు తియ్యి. నన్ను వెనక కూర్చోబెట్టుకుని ఆ వాలు దించు" అంది.

నేను అప్పుడు అలుగు దగ్గర పడవలో ఉన్నాను, తాడు తెగి కొట్టుకుపోయిన తెడ్డు ఒకటి వెతుకుతూ. వాళ్లు కట్ట మీద కనిపించారు. ఆమె క్యారియరు మీద ఒక పక్కకు కూర్చుంది, ఒక చేత్తో సీటు పట్టుకుని. అంత మెల్లగా వస్తున్న సైకిలును నేను ఎప్పుడూ చూడలేదు. వాలు పైన ఆగారు. అక్కడ వాళ్లన్న మాటలు అతను తర్వాత చెప్పాడు.

"బ్రేకు వెయ్యకు" అందట.

"వద్దక్కా."

"ఆయనకు ఎంతసేపు తెలిసిందో నువ్వొక్కడివే కొలుస్తావా? పోనీ."

పోనిచ్చాడు. నాకు కనపడింది అంతవరకే చెబుతాను. సైకిలు మొదట బద్ధకంగా కదిలింది, మూడో చెట్టు దాటాక వేగం అందుకుంది. ఆకులు చక్రాలకు రెండు పక్కలా లేచాయి. అతని వేళ్లు హ్యాండిలు మీద చాచి ఉన్నాయి, దేన్నీ ముట్టుకోకుండా. ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి. చెట్లు ఒకటొకటిగా వెనక్కు పోతుంటే, రాళ్లు పెద్దవవుతుంటే, నేను పడవలో లేచి నిలబడి ఏదో అరిచాను. ఏమరిచానో నాకు తెలియదు. ఆఖరి రెండు చెట్ల మధ్య అతని వేళ్లు ముడుచుకున్నాయి. ఆకుల కింద నుంచి నేల గీసుకున్న చప్పుడు, వెనక చక్రం కాస్త పక్కకు పోయింది, రాళ్లకు నాలుగడుగుల ఇవతల సైకిలు ఆగింది.

ఇద్దరూ దిగలేదు. అలాగే ఉండిపోయారు.

"తడి ఆకుల మీదైనా ఆగేదా?" అంది ఆమె వెనక నుంచి.

"ఆగేది."

"చాలాసేపే ఉంది" అంది. "ఒక మనిషిని పేరు పెట్టి పిలవడానికి సరిపోయేంత ఉంది."

దిగి, చెరువు సగం చుట్టి నడుచుకుంటూ ఇంటికి వెళ్లిపోయింది. అతను చీకటి పడేదాకా ఆ మలుపులోనే కూర్చున్నాడు. నేను పడవ ఒడ్డుకు చేర్చి పక్కనే కూర్చున్నాను.

ఆమె క్షమించిందా అని నన్నడిగితే తెలియదంటాను. తమ్ముడూ అని పిలవడం మానేసింది. అసలు ఏ పిలుపుతోనూ పిలవదు. కానీ ఆ మర్నాడు పదింటికి కుట్టుపని పక్కన పెట్టి షెడ్డుకొచ్చింది. ఒక ముక్కాలి పీట లాక్కుని, తిరగేసిన సైకిలుకు అవతలి పక్క, అతనికి ఎదురుగా కూర్చుంది. అతను ఇటునుంచి చేసిన పనిని ఆమె అటునుంచి చూస్తుంది. వారంలో గూళ్లు, నెలలో తీగలు, ఇప్పుడు బెండు కూడా పట్టేస్తుంది. కుట్టుమనిషి కళ్లు కదా, నూలుపోగంత తేడా వదలవు. ఆమె తలాడిస్తేగానీ ఏ బండీ షెడ్డు దాటదు. అద్దెకొచ్చినవాళ్లు విసుక్కుంటారు. "ఎవరండీ ఈవిడ, ఇన్‌స్పెక్టరా?" అంటారు. "మా అక్క" అంటాడు అతను. అంతకు మించి చెప్పడు.

చప్పుళ్లు వినడం అతను మానలేదు. అప్పుడప్పుడూ రేకుకు అటు పని ఆగిపోతుంది. "విన్నావా?" అని మాత్రం ఇప్పుడు నన్నడగడు. ఎదురుగా కూర్చున్న మనిషి వంక చూస్తాడు. ఆమె కూడా తలెత్తి ఉంటుంది.

మొన్న ఒక సైకిలు దగ్గర ఆమె చాలాసేపు వంగి చూసి, "ఇది బాగాలేదు" అంది.

అతను వంగి చూశాడు. నేను కూడా గోడ తిరిగి వచ్చి చూశాను. ఈపాటికి అంతమాత్రం నాకూ తెలుసు. మూసిన కొసలు ముందుకే ఉన్నాయి. రబ్బర్లు గూళ్లలో నిండుగా కూర్చున్నాయి. వంక పెట్టడానికి ఏమీ లేదు. బయట ఒకావిడ ఇద్దరు పిల్లలతో ఎదురుచూస్తోంది. నేను నోరు తెరవబోయాను. అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"విప్పి మళ్లీ వెయ్యి" అంది ఆమె.

అతను పానా అందుకుని నట్లు వదులు చేశాడు. రెండు గూళ్లూ తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె ఒక్కొక్కటే వెలుతురుకు తిప్పి చూసి తిరిగి ఇచ్చింది. అతను మళ్లీ బిగించాడు.